తప్పు నాదేనని రాసి అడిగిన అక్క

పక్కింటి అక్క పోయిన సంగతి నాకు కొల్లాపూర్ నుంచి తెలిసింది. మా రెండిళ్లకు మధ్య ఉన్నది ఒకే ఒక గోడ, అది కూడా నా భుజం ఎత్తు. కొల్లాపూర్ మా ఊరికి ఎటు నుంచి పోయినా సగం రోజు ప్రయాణం. ఆ ఉదయం నేను చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతుంటే ఫోన్ మోగింది. ఎన్నడూ వినని గొంతు.

"అక్కా, మీరు ఆమె పక్కింటోళ్లే గద? ఒక్కపారన్న ముఖం సూద్దామని బయలెల్తున్న. ఎన్నిగొట్టంగ తీస్కవోతరు?"

"ఎవరిని?" అన్నాను.

"అయ్యో, మీకింక తెల్వదా అక్కా?"

హైదరాబాదు దవాఖానలో తెల్లవారుతుండగా ప్రాణం పోయిందట. అక్క బిడ్డ తన తల్లి ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంటే, ఎవరో చేనేత గ్రూపులో 'నిన్న మీరు చెప్తానన్నది చెప్పలేదు' అని అడిగారట. ఆ పిల్ల 'మా అమ్మ ఇక చెప్పదు' అని రెండు మాటలు రాసింది. బంధువులకు ఫోన్ చేయడానికి ముందే ఆ గ్రూపుకు తెలిసిపోయింది. నేనూ ఆ గ్రూపులో ఉన్నాను, కానీ దాని చప్పుడు రాకుండా ఎప్పుడో నొక్కి పెట్టాను. ఎందుకు నొక్కానో ముందు ముందు చెబుతాను.

మరి కొల్లాపూర్ ఆమెకు నా నంబరు ఎలా దొరికింది? "అక్కనే ఇచ్చింది ఎన్నడో. నా ఫోను కలువకుంటె మా చెల్లెకు జెయ్యి, అది పక్కపొంటే ఉంటదని చెప్పింది" అంది.

ఉన్నది ఉన్నట్టు రాయాలి. నాకు మొదట వచ్చింది దుఃఖం కాదు. 'నాకంటే ముందు వీళ్లకు ఎట్లా తెలిసింది?' అన్న కడుపుమంట వచ్చింది. దుఃఖం మధ్యాహ్నం వచ్చింది, అక్కను తెచ్చిన బండి మా సందులోకి తిరిగినప్పుడు. అప్పటిదాకా చాట ముందు పెట్టుకుని, ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరుతూ కూర్చున్నాను.

ఆమె నాకు చుట్టం కాదు. నేను కాపురానికి వచ్చిన మరుసటి ఏడు ఆమె పక్కింటికి కోడలుగా వచ్చింది. నాకంటే రెండేళ్లు పెద్ద. ఐదో తరగతిలో బడి మానేసింది. నేను డిగ్రీ పాసయ్యాను. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, చాలా ఏళ్లు నాకు ఆ తేడా పెద్ద ఆసరాగా ఉండేది. సందులో ఎవరికి దరఖాస్తు నింపాలన్నా మా గడపకే వచ్చేవాళ్లు. నాకు ప్రతిదీ రాసి పెట్టుకునే అలవాటు. గ్యాసు బండ ఏ రోజు తెరిచాం, నల్లా ఏ రోజు రాలేదు, పోయినసారి మామిడికాయ తొక్కులో ఉప్పు ఎన్ని గిద్దెలు పోశాం, ఏది అడిగినా పుస్తకం తెరిచి చెప్పగలను. మా ఆయన నల్లగొండలో కొలువుకు పోతారు. మా ఇంట్లో మగ్గం అత్తమ్మది, రంగు అద్దే పనిలో నేను ఆమెకు చేయందిస్తాను. అక్క ఇంట్లో మాత్రం అందరి బతుకూ మగ్గం మీదే. భర్త నేసేవాడు, ఆమె ఆసు పోసేది. ఆసు అంటే, రంగులకు ముందు, అడ్డంగా నేసే పేక పోగును వరసగా దిగ్గొట్టిన మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పి పరచడం. ఒక్క చీరకు కొన్ని వేలసార్లు చేయి చాపి వెనక్కి తీసుకోవాలి. ఆమె కుడి భుజం ఎడమ భుజం కంటే కాస్త కిందికి ఉండేది.

తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్లకు మా సందులో అందరి చేతుల్లోకీ పెద్ద ఫోన్లు వచ్చాయి. ఎక్కడెక్కడి నేతవాళ్లో ఒకరినొకరు అడిగి తెలుసుకునే గ్రూపు ఒకటి ఉందని అక్క బిడ్డ చెప్పింది. మమ్మల్నిద్దరినీ ఒకే రోజు, ఒకే అరుగు మీద కూర్చోబెట్టి చేర్పించింది. కాబట్టి ఆమె నాకంటే ముందు మొదలుపెట్టిందని అనుకునే వీలు కూడా నాకు లేదు.

మొదట అడిగింది నేను. రంగు గిన్నె అడుగున పొడి కరగకుండా ముద్ద కడుతోంది, అదీ సమస్య. నా పుస్తకం పక్కన పెట్టుకుని రాశాను. మా మామయ్య కాలంలో రంగులు ఎక్కడి నుంచి వచ్చేవి, మగ్గం ఏ ఏడు మార్చాం, మేము ఎంత జాగ్రత్తగా పని చేస్తాం, అన్నీ రాశాను. ముద్ద సంగతి ఎక్కడో నడుమ వచ్చింది. చివర 'చాలా అర్జెంటు, దయచేసి పెద్దలు వెంటనే చెప్పగలరు' అని పెట్టాను. రెండు రోజులు చూశాను. ఒకరు దండం పెట్టే చేతుల బొమ్మ వేశారు. ఒకరు ఫొటో పెట్టమన్నారు. ఇంకొకరు దాని కిందే తమ చీరలు అమ్మకానికి పెట్టారు. అంతే.

అక్క మరుసటి వారం అడిగింది. ఐదు వాక్యాలు. అవి కూడా రాసినవి కాదు, ఫోనుకు చెబితే అదే రాసుకుంది. సాయంత్రానికి ఆమె ప్రశ్న కింద జవాబులు వరుస కట్టాయి. గద్వాల వైపు నుంచి ఒక పెద్దాయన, యాభై ఏళ్లుగా రంగులు అద్దుతున్న మనిషి, ఆమెకు చిన్నపిల్లకు చెప్పినట్టు విడమరిచి చెప్పాడు. నేను ఆ జవాబులన్నీ చదివాను. ఎవరెవరు ఏ ఊరివాళ్లో కూడా చదివాను. ఆ రోజు అన్నం సయించలేదు.

"నీది నేను సదివిన చెల్లె" అంది మరునాడు, గోడ మీద మోచేతులు ఆనించి. "మంచిగనే రాసినవు. కని ఉత్తరం లెక్కుంది."

"ఉత్తరమైతే ఏందక్కా? అన్ని విషయాలుంటేనే గద చెప్తరు."

"అన్ని ఎందుకే? పోగు తెగితే చీరంత ఖరాబైందని ఒర్రుతమా? ఏడ తెగిందో ఏలు వెట్టి సూపిస్తం. వాళ్లకు గూడ గంతే. మనమే ఏలు వెట్టి సూపియ్యాలె."

"అర్జెంటని గూడ రాసిన. ఒక్కరన్న పలుకలే."

"అర్జెంటు మనకు. వాళ్లకు పొయ్యి మీద కూరుండదా?"

నవ్వింది. నేను నవ్వలేదు. చాలా రోజుల తర్వాత గాని ఆ మాటలో ఎగతాళి లేదని తోచలేదు.

ఆమె అడిగే పద్ధతి నేను పక్కనుంచి ఏళ్ల తరబడి చూశాను. ముందు గ్రూపులో పాత మాటలను వెనక్కి జరుపుకుంటూ పోయి, అదే సంగతి ఎవరైనా ఇదివరకు అడిగారేమో వెతికేది. ఐదో తరగతి చదువుతో, పెదాలు కదుపుతూ, పాతవన్నీ చదివేది. దొరికితే అడగడం మానేసేది. దొరక్కపోతే ఆసు పోస్తూ పోస్తూ ప్రశ్నను మనసులో కట్టుకునేది. ఎట్లా ఉండాల్సింది, ఎట్లా అయింది, ఇప్పటికి ఏమేం చేసి చూసింది, అడిగేది ఏమిటి. ఒక్కసారికి ఒక్కటే అడిగేది. పంపేముందు గోడ దగ్గరికి వచ్చి నన్ను పిలిచేది.

"చెల్లె, ఇది జర ఇను. జవాబొద్దు. సమజైందా లేదా, గంతే చెప్పు."

వినిపించేది. నేను విని "సమజైంది" అనేదాన్ని. ఒకసారి 'మామూలుగా నానబెట్టిన' అని చదివి తనకు తానే ఆగిపోయింది. "మామూలుగా అంటె ఎవరి మామూలు? నాకు మామూలంటె పొద్దుగూకి పొద్దుపొడిసేదాక. గద్వాల తాతకు మామూలంటె ఎంతనో!" అని ఆ మాట తీసేసి గంటలు పెట్టింది. నా పుస్తకంలో 'మామూలుగా' అన్న మాట ఎన్నిసార్లు ఉందో ఆ రోజు లోపలికి వెళ్లి చూసుకున్నాను. పేజీకి రెండు మూడు చోట్ల ఉంది. నా అంత పద్ధతిగల మనిషి సందులో లేదని నేను అనుకుంటూ ఉంటే, పద్ధతి ఏమిటో పక్కింటి నుంచి వినపడటం నాకు నచ్చలేదు.

జవాబు వచ్చాక కూడా ఆమె ఊరుకునేది కాదు. చెప్పినట్టు చేసి, ఏమైందో మళ్లీ వచ్చి చెప్పేది. పని కాకపోయినా చెప్పేది. "చెప్పినోళ్లు సూస్తుంటరు గదనే. దవాఖానకు మనిషిని తోలిచ్చి, ఎట్లున్నడో చెప్పకుంటె ఎట్ల?" అనేది. అందుకే ఆమె అడిగితే జనం పరుగెత్తుకొచ్చేవాళ్లు. పోనుపోను ఆమెను అడిగేవాళ్లు కూడా ఎక్కువయ్యారు. నా కూతురు హాస్టలు నుంచి ఫోన్ చేసి, "అమ్మా, పెద్దమ్మకియ్యవా? కాలేజీల ఒక దరఖాస్తు వెట్టాలె, ఎట్ల అడగాల్నో ఆమెకైతే ఎర్కయితది" అన్న రోజు, నేను ఫోన్ గోడ మీంచి ఇచ్చి వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను. గ్రూపు చప్పుడు వినపడకుండా నొక్కింది ఆ సాయంత్రమే.

అత్తమ్మ ఒక మాట అనేది. నా మీద కోపంతో కాదు, ఉన్నమాట అన్నట్టు. "నీకు సదువొస్తది పిల్లా. దానికి అడుగుడొస్తది."

ఇప్పుడు నేను చెప్పకుండా దాచినది చెప్పాలి. ఈ స్మృతి రాయడానికి అదే కారణం.

మూడేళ్ల కింద అత్తమ్మ ఒకే రంగులో రెండు పట్టుచీరలు నేయడానికి ఒప్పుకుంది. మిరపపండు ఎరుపు. అప్పటికే ఆమె కండ్లకు ఆపరేషన్ అయింది. 'ఇవి రెండూ మంచిగొస్తే ఇంకొన్నేళ్లు కూసుంట, రాకుంటే మగ్గం దించుదాం' అని తనలో తాను పందెం వేసుకుంది. మొదటి చీర పోగుకు రంగు తానే అద్దింది. బంగారంలా వచ్చింది. రెండోదానికి పొడి ఆమె తూచి ఇచ్చింది, ఉడికించడం నాకు అప్పజెప్పింది. "బోరు నీళ్లే పొయ్యి" అని రెండుసార్లు చెప్పింది. బోరు సందు చివర ఉంది. నాలుగు బిందెలు మోయాలి. నల్లా మా వాకిట్లోనే ఉంది, ఆ రోజు వచ్చింది కూడా. నల్లా నీళ్లు పోశాను. ఏదో మందు వాసన వస్తోందని తెలుస్తూనే ఉంది. తల ఎత్తితే గోడ అవతల అక్క పోగు ఆరేస్తోంది. చూసిందో లేదో తెలియలేదు.

పోగు వెలిసినట్టు వచ్చింది. అత్తమ్మ రెండు చిలపలూ, తాను అద్దిన పోగు చుట్ట ఒకటి, నేను అద్దినది ఒకటి, పట్టుకుని గడపలో వెలుతురుకు నిలబడింది. చాలాసేపు నిలబడింది.

"నా తూకం తప్పింది బిడ్డా. ఇగ నా కండ్లను నమ్మేటట్టు లేదు" అంది. "మీ ఆయనొచ్చినంక మగ్గం ఇప్పుమని చెప్పు."

నేను 'కాదత్తమ్మా, నీళ్లు నేను మార్చాను' అనాలి. ఆ ఒక్క మాట. నోరు రాలేదు. ఏదీ తప్పు రాయని నా పుస్తకం, సందంతా అడిగే నా చదువు, అన్నీ అడ్డం నిలబడ్డాయి. మాటకు బదులు ఫోన్ తీసి గ్రూపులో అడిగాను. రంగు పేరు రాశాను, తూకం రాశాను, ఎన్ని నిమిషాలు ఉడికించానో రాశాను. ఈసారి కుదురుగానే రాశాను. 'అన్నీ ఎప్పటిలాగే చేశాం' అని ముగించాను. ఇద్దరు ముగ్గురు పలికారు. పొడి పాతదేమో, తూకం తప్పిందేమో అన్నారు. అత్తమ్మ పక్కన కూర్చుని వింటోంది. ప్రతి జవాబుకూ తలాడించింది.

మరునాడు పొద్దున అక్క గోడ దగ్గరికి వచ్చింది. "చెల్లె, గా రెండు చిలపలు ఇటియ్యి జర. ఫొటో దీస్త."

"నేను అడిగిన గద. ఏం మార్చలేదని గూడ రాసిన."

ఆమె నా ముఖం వంక చూసింది. చిలపలు తీసుకుని ఎండలో పక్కపక్కన పెట్టి ఫొటో తీసింది. ఆమె అడిగిన ప్రశ్న ఇప్పటికీ గ్రూపులో ఉంది, ఉన్నది ఉన్నట్టు దించుతున్నాను:

'మాది నల్లగొండ దిక్కు. పట్టు పోగు, మిరపపండు రంగు. పోయిన నెల బోరు నీళ్లల్ల అద్దితే మంచిగొచ్చింది. మొన్న గదే పొడి, గదే తూకం, గంతే సేపు. నీళ్లు ఒక్కటే మారినయి. నల్లా నీళ్లు వోసిన, మందు వాసనొచ్చినా పట్టించుకోలే. బోరు నీళ్లే అని పెద్దామె చెప్పినా ఇనలే, తప్పు నాదే. రెండు పోగులు ఎండల పక్కపక్కన వెట్టి ఫొటో దీసిన. అడిగేది ఒక్కటి: ఈ పోగునే మళ్ల అద్ది మొదటిదాంతోని కలుపొచ్చునా?'

గద్వాల పెద్దాయన జవాబు నేను పప్పు తాలింపు పెట్టేలోగా వచ్చింది. నీళ్ల వల్లే అయిందన్నాడు. బోరు నీళ్లలో ఇంకొంచెం రంగు పట్టించవచ్చు, ముందు చిన్న ముక్క మీద చూసుకొమ్మన్నాడు. నల్లా నీళ్లే దిక్కయితే మూత పెట్టకుండా ఒక రోజు తొట్టిలో ఉంచి వాడమన్నాడు. చివరన ఇంకో మాట రాశాడు: 'తప్పు ఎక్కడ చేసిందో చెప్పి అడిగింది కాబట్టి నాకు వెతుకులాట తప్పింది. అందరూ ఇట్లా అడగండి.' ఆ మాటకు ఎన్ని చేతులు లేచాయో!

అక్క చిలపలు పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. నేను చాయ్ గిన్నెతో నిలబడి ఉన్నాను.

"పెద్దమ్మా, నీ తూకం నీ కండ్లు అన్ని మంచిగనే ఉన్నయ్. నల్లా నీళ్లతోని గిట్లయింది. మొన్న నువ్వు లోపలున్నప్పుడు మీ గిన్నెల నీళ్లు నేనే వోసిన. దగ్గరున్నయి గదాని."

అత్తమ్మ లేచింది. అంత గొంతు ఆమెకు ఉందని నాకు తెలియదు. "నా గిన్నెల చెయ్యి వెట్టెటందుకు నువ్వెవ్వతివే! సందు చివరిదాక పోతె నీ కాళ్లు అరుగుతయా? నల్లగొండ నల్లానంత దెచ్చి నా పట్టు మీద గుమ్మరియ్యి! మగ్గం ఇప్పుమన్ననే, ఎర్కనా, నీ తోటి!" సందులో ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. అత్తమ్మ ఆగలేదు. నడుమ నడుమ ఊపిరి పీల్చుకుని నా వైపు చూసేది, మళ్లీ అందుకునేది. అక్క తల వంచుకుని, పెదవి కొరుక్కుంటూ, నవ్వు ఆపుకుంటూ తిట్లన్నీ తిన్నది.

నేను చాయ్ పోశాను. రెండు గ్లాసుల్లోనూ సమానంగా పోశాను, అది గుర్తుంది. నా తప్పుకు ఇంకొకరు తిట్లు తింటుంటే నాకు ఏమనిపించిందో చెబితే నమ్మరు. అసూయే అనిపించింది. పాతికేళ్ల కాపురంలో అత్తమ్మ నన్ను ఒక్కసారి కూడా అట్లా తిట్టలేదు. నాతో ఆమె ఎప్పుడూ జాగ్రత్తగా మాట్లాడేది, చుట్టపుచూపుగా వచ్చిన మనిషితో మాట్లాడినట్టు. కడుపులోంచి వచ్చిన ఆ తిట్లు కూడా పక్కింటికే పోయాయి.

తర్వాత గోడ దగ్గర అడిగాను. "ఎందుకక్కా గట్ల జేసినవు?"

"జవాబు గావాలె గదనే. నీళ్ల ముచ్చట రాయకుంటె ఎవ్వడు చెప్తడు? రాస్తె ఎవలో ఒకరి పేరు వెట్టాలె. నా పేరైతేంది, ఎవల పేరైతేంది?" అంది. "తెల్వదని చెప్పుకుంటె ఏం బోతదే? తెలుస్తది, గంతే."

పోగు మళ్లీ అద్దాం. రంగు కలిసింది. అత్తమ్మ ఆ చీర నేసింది, ఆ తర్వాత ఇంకా నేస్తోంది. ఇప్పటికీ పొద్దున మా ఇంట్లో మొదట వినపడేది మగ్గం చప్పుడే. నేను అక్కకు కృతజ్ఞత చెప్పలేదు. మూడేళ్లు ప్రతి రోజూ 'రేపు చెబుదాం' అనుకున్నాను.

పోయిన నెల ఆమె గోడ దగ్గరికి వచ్చి, ఎప్పటిలా "ఇది జర ఇను" అంది. నేను గ్రూపుకనుకున్నాను. "ఎడమ డొక్కల నొప్పి. రెండు నెలలసంది. తింటె ఎక్కువైతది, ఎల్లెలుకల పండుకుంటె తక్కువైతది. బరువు తగ్గిన. ఊళ్లె గోలీలు పదిరోజులు మింగిన, ఫరక్ లేదు. అడిగేది ఒక్కటి: ఇది తగ్గేదా, కాదా?" అని ఆగింది. "పెద్ద డాక్టరు ముంగట రెండు నిమిషాలె ఉంటదట. సమజైందా?"

"సమజైందక్కా" అన్నాను. చేతిలో ఉన్న కూరగాయల కత్తి ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అంత బాగా అడిగిన ప్రశ్నను నేను ఇంతవరకు వినలేదు. డాక్టర్లు మాత్రం మళ్లీ రమ్మన్నారు, ఇంకో పరీక్ష రాశారు, ఇంకో దవాఖానకు పంపారు. ఆమె అడిగిన ఆ ఒక్కదానికి నేరుగా జవాబు చెప్పిన వాళ్లు లేరని ఆమె బిడ్డ చెప్పింది.

మట్టి అయిన రోజు కొల్లాపూర్ ఆమె వచ్చింది. తిరుమలగిరి నుంచి ఇద్దరు వచ్చారు, ఇంకా ఎక్కడెక్కడి నుంచో. సాగనంపాక మా అరుగు మీద కూర్చుని ఫోన్లో ఆ మిరపపండు ఎరుపు ప్రశ్న తీసి ఒకరికొకరు చూపించుకున్నారు. "తప్పు నాదే అని రాసింది సూడు, గా ముక్క సదివినంకనే నాకు అడుగుడంటె భయం వోయింది" అంది కొల్లాపూర్ ఆమె, కొంగుతో కండ్లు తుడుచుకుంటూ. నేను వాళ్లకు నీళ్లిచ్చాను. వాళ్లు మెచ్చుకుంటున్న తప్పు నాది. ఆ తప్పుతో కూడా ఆమెకే పేరు వచ్చింది. ఇప్పుడు నిజం చెబితే ఆమె ఇంకా ఎత్తుకు పోతుంది, చెప్పకపోతే నేను ఇంకా కిందికి పోతాను. ఆ లెక్క వేసుకుంటూ మూడు రోజులు కూర్చున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం అత్తమ్మ మగ్గం గుంటలోంచి కాళ్లు పైకి తీసుకుంటుంటే పక్కన కూర్చున్నాను. "అత్తమ్మా, అప్పుడు నల్లా నీళ్లు వోసింది నేను."

"నాకెర్కే" అంది, మోకాళ్లు రుద్దుకుంటూ.

"ఎర్కనా?"

"గోడ అవుతలి మనిషి నా పొయ్యి మీది గిన్నెల నీళ్లెట్ల వోస్తదే? గోడ దునికొస్తదా?"

"మరి ఆమెను గంత ఘోరంగ ఎందుకు తిట్టినవు?"

"నువ్వు నడుమల వడి చెప్తవేమోనని. నోరు నొచ్చేదాక తిట్టిన బిడ్డా. ఎంత తిట్టినా చెప్పకపోతివి." అని, మగ్గం మీద చెయ్యానించి లేస్తూ, "అదొక్కతి నాకు సాయమొచ్చింది" అంది.

ఆ సాయంత్రం గ్రూపు తెరిచాను. పుస్తకం పక్కన పెట్టుకోలేదు. 'ఎరుపు రంగు ప్రశ్నలో నల్లా నీళ్లు పోసింది ఆమె కాదు, పక్కింటి నేను. చెప్పడానికి సిగ్గుపడితే ఆమె తన పేరు మీద అడిగింది. ఇన్నాళ్లు దాచింది నేనే' అని రాశాను. రాశాక పెదాలు కదుపుతూ చదివాను. వినిపించి 'సమజైందా' అని అడగడానికి మనిషి లేక అట్లాగే పంపించాను.

ఫోన్ కింద పెట్టేలోపే జవాబు పడింది. గద్వాల పెద్దాయన. 'చెప్పినవు, మంచి పని జేసినవమ్మా. ఇప్పుడు మీ అత్త ఏ నీళ్లు వాడుతున్నది? రంగు ఎట్లొస్తున్నది?' ఇన్నేళ్లలో ఆ గ్రూపులో నా మాటకు నిమిషంలో పలికిన మనిషి ఆయనే. ఆయన వెనుక ఇంకొకరు, ఇంకొకరు.

నాకు సంతోషం ఆగలేదు. ఫోన్ పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తి గోడ దగ్గర ఆగిపోయాను. నాకూ జవాబులు వచ్చాయని చూపించుకోవాలనిపించిన మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉండేది.

అవతల వాళ్ల చుట్టాలు దినానికి ఇల్లంతా కడుగుతున్నారు. గిన్నెలన్నీ బయట వేసి, బూడిదతో తోమి, వాకిట్లో సాయంత్రపు ఎండకు ఆరబెట్టారు. వాటి నడుమ అక్క రంగు గిన్నె ఉంది. లోపల పొరలు పొరలుగా, ఇన్నేళ్ల పసుపు, ఎరుపు, నీలం పట్టి ఉండేది. తెలియక ఎవరో పీచుతో అడుగుదాకా గీకి తోమినట్టున్నారు. తెల్లగా, ఏ ఇంటి గిన్నె అయినా అయ్యేటట్టు మెరుస్తూ ఉంది.